మిగులు ఎవరికి మిగులు?



షోలాపూరులోనైనను, బళ్ళారిలోనైనను, వేలూరులోనైనను, బరంపురములోనైనను, యానాములోనైనను, మనలో పెక్కుమంది ఉదయమున పనికి పోవుచు బంకు దగ్గర ఆగి పెట్రోలు పోయించుకొనుచున్నాము. ఆ పెట్రోలులో ఇప్పుడు ఐదవ వంతు పెట్రోలు కాదు, ఇథనాల్. చెరకు నుండియో, మొక్కజొన్న నుండియో, బియ్యము నుండియో తీసిన సారా వంటి ద్రవమది. 2013-14లో మన దేశపు పెట్రోలులో ఇథనాల్ నూటికి ఒకటిన్నర వంతు మాత్రమే ఉండెడిది. 2022లో అది పది వంతులైనది. 2025లో ఇరువది వంతులకు చేరినది. 2030 నాటికని మొదట పెట్టుకొన్న గురి ఐదేండ్లు ముందుగానే తీరినది.

ఒక చిన్న లెక్క చూతము. టన్ను బియ్యము నుండి సుమారు 450 లీటర్ల ఇథనాల్ వచ్చును. టన్ను మొక్కజొన్న నుండి సుమారు 380 లీటర్లు, టన్ను చెరకు నుండి సుమారు 70 లీటర్లు వచ్చును. పన్నెండు లీటర్ల మోటారు సైకిలు ట్యాంకు నిండించినచో అందులో 2.4 లీటర్లు ఇథనాల్. అది బియ్యము నుండి వచ్చినదైతే దాని వెనుక ఐదు కిలోల పైచిలుకు బియ్యమున్నది. ఐదు కిలోలనగా మనకు బాగుగా తెలిసిన లెక్కే. 2013 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద కార్డు గల కుటుంబములో ఒక్కొక్క మనిషికి నెలకు ఇచ్చు రేషను అంతే.

ఈ లెక్క చెప్పి బండి నడుపువారిని దోషులుగా నిలబెట్టుట మా ఉద్దేశము కాదు. ఇథనాల్ అంతయు బియ్యము నుండి వచ్చుట లేదు. ధాన్యము పులియబెట్టగా మిగిలిన పిప్పి, సుమారు మూడవ వంతు, పశువుల దాణాగా తిరిగి వచ్చుచున్నది. అయినను ఒక ప్రశ్న మనస్సాక్షిని విడువదు. ఆకలి ఇంకను తీరని దేశములో, తినదగిన పంటను బండిలో కాల్చుట ధర్మమా? కొంతవరకు ధర్మమే అయినచో, ఏ హద్దు వరకు? మన సంఘములలో చదువుకొన్నవారు, వ్యవసాయము చేయువారు, కూలి చేయువారు అందరును ఉన్నారు గనుక అందరము కలిసి దీనిని ఆలోచింపవలెనని వ్రాయుచున్నాము.

ఈ దారి ఎట్లు వచ్చినది?

1973లో అరబ్బు దేశములు చమురు బిగించినప్పుడు ప్రపంచమంతట ధరలు మండిపోయినవి. దిగుమతి చమురుపై బ్రతుకుచున్న బ్రెజిల్ దేశము 1975లో ప్రోఆల్కూల్ అను పథకము పెట్టి, చెరకు నుండి ఇథనాల్ తీసి కార్లలో పోయ మొదలుపెట్టినది. చమురు దొరకని పేద దేశములకు ఇది ఒక ఆశాకిరణముగా కనబడినది. తరువాత అమెరికా 2005లోను, 2007లోను చట్టములు చేసి మొక్కజొన్న ఇథనాల్‌ను పెట్రోలులో కలుపుట తప్పనిసరి చేసినది. ఐరోపా దేశములు పామాయిలు, ఆవనూనెల నుండి తీసిన డీజిలు వైపు మొగ్గినవి. మన దేశములో 2003లో ప్రణాళికా సంఘము వారి కమిటీ జీవ ఇంధనములపై నివేదిక ఇచ్చినది. 2009లో ఒక విధానము, 2018లో మరియొక విధానము వచ్చినవి. అంతకు ముందు చక్కెర తీయగా మిగిలిన చెరకు మడ్డి నుండియే ఇథనాల్ తీసెడివారు. 2018 విధానము చెరకు రసమును, పాడైన ధాన్యమును, నూకలను కూడ అనుమతించినది. 2020 నుండి ప్రభుత్వ గిడ్డంగులలోని మిగులు బియ్యమునకు కూడ తలుపు తెరువబడినది.

దీని వలన మేలు లేదనుట న్యాయము కాదు. మన దేశము తనకు కావలసిన ముడి చమురులో అత్యధిక భాగము బయటి నుండి కొనుచున్నది. ఇథనాల్ కలుపుట వలన లక్ష కోట్ల రూపాయలకు పైగా విదేశీ ద్రవ్యము మిగిలినదని ప్రభుత్వము చెప్పుచున్నది. చెరకు తోలిన రైతు నెలల తరబడి మిల్లు చుట్టు తిరిగిన రోజులు ఉత్తర కర్ణాటకలోను, మహారాష్ట్రలోను ఉన్న మనవారికి బాగుగా తెలియును. ఇథనాల్ సొమ్ము చేతికి వచ్చిన తరువాత పెక్కు మిల్లులు రైతుల బాకీ త్వరగా తీర్చగలిగినవి. మొక్కజొన్న సంగతి కూడ అంతే. 2025 చివర కర్ణాటకలో మొక్కజొన్న ధర 2,400 రూపాయల మద్దతు ధరకు ఎంతో దిగువకు పడిపోయినప్పుడు, ఇథనాల్ ఫ్యాక్టరీల చేత ఎక్కువ కొనిపించుడని కోరినవారిలో రైతులే ముందున్నారు. మెట్ట చేను గల పేద రైతుకు కొనువాడు ఒకడు ఎక్కువైనాడనుట చిన్న మేలు కాదు. దీనిని మరచి మాటలాడువాడు కడుపు నిండిన బేరము చేయుచున్నాడని రైతు అనుకొనును. అది సహజమే.

అయితే ఈ వాదనలన్నిటి క్రింద ఒక మాట పునాదిగా ఉన్నది. అది "మిగులు" అను మాట. మిగులు ధాన్యము కాల్చుచున్నాము, మిగులు భూమిలో పండించుచున్నాము, మిగులు నీరు వాడుచున్నాము, మిగులు చేతులకు పని చూపుచున్నాము అని చెప్పుదురు. మిగులును కాల్చుటలో పాపమేమి? ఏమియు లేదు, అది నిజముగా మిగులైనచో. కాబట్టి మనము పరీక్షింపవలసినది ఈ మాటనే. దేనినైనను మిగులని పలుకు అధికారము ఎవరిది? ఎవరికి మిగిలినందున అది మిగులైనది?

మిగులు ధాన్యము

2020 ఏప్రిలు 20వ తేదీ మనలో ఎవరికి గుర్తుండకపోవచ్చును గాని, ఆ నెల మాత్రము ఎవరును మరువలేరు. దేశమంతయు మూతబడియున్నది. బండ్లు లేవు, రైళ్ళు లేవు. కూటి కోసము కోటి విద్యలు అని ఊరు విడిచి వచ్చిన కూలీలు పిల్లలను భుజములపై ఎత్తుకొని, ఎండలో, వందల మైళ్ళు నడిచి ఊళ్ళకు పోయిరి. ఆ దినములలోనే, ఆహార సంస్థ గిడ్డంగులలోని మిగులు బియ్యము నుండి ఇథనాల్ తీసి చేతులు శుభ్రపరచు ద్రవమునకును, పెట్రోలులో కలుపుటకును వాడవచ్చునని అధికార కమిటీ ఆమోదము తెలిపినది.

న్యాయముగా మిగిలిన సంగతులు కూడ చెప్పవలెను. కార్డు గలవారికి ఉచితముగా అదనపు ఐదు కిలోలు మార్చి నెలలోనే ప్రకటింపబడినవి. ఆ ద్రవము ఆ సమయమున నిజముగా అవసరమే. కార్డు లేని వలస కూలీలకు రెండు నెలల పాటు ఐదేసి కిలోలు ఇచ్చెదమని మే నెల 14న ప్రకటించిరి. ఇప్పుడు తేదీలను వరుసగా పెట్టి చూడుడి. దారిన నడచుచున్నవానికి బియ్యము ప్రకటింపబడక ముందే, గిడ్డంగిలోని బియ్యము "మిగులు" అని ప్రకటింపబడినది. ఎవరును క్రూరులై అట్లు చేయలేదు. నడచిపోవుచున్నవాడు ఏ జాబితాలోను లేడు గనుక, జాబితాలను బట్టి కట్టిన లెక్కలో అతని ఆకలి లేదు. లెక్కలో లేని ఆకలిని తీసివేసిన తరువాత మిగిలినదే మిగులు.

ఈ సంగతి 2020తోనే పోలేదు. రేషను పొందవలసినవారి సంఖ్యను నేటికిని 2011 జనాభా లెక్కల మీదనే కట్టుచున్నారు. ఆ తరువాత పెరిగిన జనము ఆ సంఖ్యలోనికి రాలేదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేండ్ల లోపు పిల్లలలో నూటికి 35 మందికి పైగా వయస్సుకు తగిన ఎత్తు ఎదుగలేదని తేలినది. మరియొక ప్రక్క గిడ్డంగులు పొంగి పొరలుచున్నవి. 2024-25లో ఇథనాల్ కొరకు ప్రభుత్వము కేటాయించిన బియ్యము చివరకు 52 లక్షల టన్నులకు చేరినది. కిలో 22 రూపాయల 50 పైసల చొప్పున, ప్రభుత్వమునకైన ఖర్చు కంటె చాల తక్కువ ధరకే దానిని ఫ్యాక్టరీలకు ఇచ్చిరి. మనిషికి నెలకు ఐదు కిలోల లెక్కన అది ఎనిమిదిన్నర కోట్ల మందికి ఏడాది రేషను.

"కాల్చకపోయినచో అది గోదాములో ముక్కిపోవును గదా" అని అడుగువారున్నారు. అది నిజమే. ముక్కిపోవుట కంటె కాల్చుట మేలు. గాని ముక్కిపోవుట, కాల్చుట అను రెండు దారులే ఉన్నవని ఎవరు చెప్పిరి? జాబితాను సవరించుట, రేషను పెంచుట, బియ్యమునకు బదులు పప్పు పండించుమని రైతును ప్రోత్సహించుట అనునవి కూడ దారులే. రెండు దారులు మాత్రమే చూపువాడు మూడవదానిని దాచుచున్నాడేమో అని అడుగు హక్కు మనకున్నది.

ఇంకొక చిక్కు ఉన్నది. మిగులు అనునది వానను బట్టి వచ్చునది. ఒక ఏడు ఉండును, ఒక ఏడు ఉండదు. ఫ్యాక్టరీకి మాత్రము ప్రతి దినము కావలెను. బ్యాంకు అప్పుతో కట్టిన ఫ్యాక్టరీ, కరువు వచ్చినదని ఊరకుండలేదు. 2023లో వానలు సరిగా లేనప్పుడు ఏమి జరిగినదో చూడుడి. జూలైలో ఆహార సంస్థ ఇథనాల్‌కు బియ్యము ఇచ్చుట ఆపివేసినది. డిసెంబరు 7న చెరకు రసము నుండి ఇథనాల్ తీయరాదని ఉత్తర్వు వచ్చినది. కొద్ది దినములలోనే దానిని కొంత సడలించి, 2024 ఆగస్టులో ఎత్తివేసిరి. అనగా కష్టకాలము వచ్చినప్పుడు ప్రభుత్వమే కంచము ముందు, ట్యాంకు తరువాత అను క్రమమును జ్ఞాపకము చేసికొన్నది. అది మంచి పనియే. కాని ఫ్యాక్టరీల ఆకలి తీరవలెను గదా! అవి మొక్కజొన్న మీదికి మళ్ళినవి. ఏండ్ల తరబడి మొక్కజొన్న ఎగుమతి చేసిన మన దేశము 2024లో బర్మా నుండి, ఉక్రెయిన్ నుండి దిగుమతి చేసికొన్నది. కోళ్ళ దాణాలో ముఖ్యమైనది మొక్కజొన్నయే గనుక, కోళ్ళు పెంచువారు సుంకము లేని దిగుమతికి అనుమతి ఇమ్మని మొర పెట్టుకొనిరి. నామక్కల్ ప్రాంతమున ఉన్న మనవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. పేదవాని పిల్లకు బడిలో మధ్యాహ్నము దొరకు గ్రుడ్డు వెనుక కూడ మొక్కజొన్న చేనున్నది.

ఇట్టిదే మరింత పెద్ద రీతిలో మెక్సికోలో జరిగినది. మన జొన్న రొట్టె వంటిది వారి తోర్తియా, మొక్కజొన్నతో చేయుదురు. 2007 జనవరిలో దాని ధర మిన్నంటగా వేలాది జనము రాజధాని వీధులలోనికి వచ్చిరి. దానికి కారణము ఒక్కటి కాదు. వ్యాపారుల నిలువలు కూడ ఉన్నవి. అయినను పొరుగున అమెరికా బండ్లు ఆ ధాన్యమును త్రాగ మొదలుపెట్టుట ఒక కారణము. ఆ ఏడు అక్టోబరులో ఐక్యరాజ్య సమితి ఆహార హక్కు ప్రతినిధి జాన్ జీగ్లర్ ఇది మానవాళి పట్ల నేరమని కఠినముగా పలికి, ఐదేండ్లు దీనిని ఆపుడని కోరెను. ఆయన మాట అతిశయోక్తి అని పలువురు అనిరి. కావచ్చును. కాని సంతలో కారు గల వాడును కడుపు ఖాళీ వాడును ఒకే ధాన్యమునకు పాట పాడినచో, పాట ఎవరు గెలుతురో చెప్పుటకు గొప్ప పండితుడు అక్కరలేదు.

మిగులు భూమి

తిండి పంట మీద నింద వచ్చినప్పుడు, తినకూడని గింజల వైపు చూపు మళ్ళినది. జట్రోఫా అని పిలువబడు అడవి ఆముదము బంజరులో నీరు లేకయే పెరుగునని, దాని నూనెతో డీజిలు చేయవచ్చునని 2003 తరువాత గొప్ప ప్రచారము జరిగినది. 2009 విధానము 2017 నాటికి డీజిలులో కూడ ఇరువది వంతులు జీవ ఇంధనము కలుపవలెనని గురి పెట్టినది. ఆ గడువు నాటికి అది నూటికి ఒక వంతుకు కూడ చేరలేదు. నీరు, ఎరువు లేనిదే ఆ చెట్టు కూడ సరిగా కాయదని తేలినది.

చెట్టు సంగతి అటుంచుడి. "బంజరు" అను మాట సంగతి చూడుడి. రెవెన్యూ కాగితములో బంజరు అని వ్రాసిన నేల ఊరిలో ఎవరికిని అక్కరలేని నేల కాదు. సెంటు భూమి లేనివాడు మేకలను తోలుకొని పోవునది అచ్చటికే. కట్టెలు ఏరుకొనునది, చీపురు పుల్లలు, ఆకు కూర, మందు వేరు తెచ్చుకొనునది అచ్చటనే. కాగితము గలవానికి అది మిగులు భూమి. కాగితము లేనివానికి అది ఉన్న ఒక్క భూమి.

ఆఫ్రికాలోని మొజాంబిక్ దేశములో, లింపోపో నది ప్రాంతమున మస్సింజీర్ వద్ద, 2007లో 30,000 హెక్టార్లు చెరకు ఇథనాల్ కొరకు ఒక కంపెనీకి ఇచ్చిరి. జాతీయ వనము కొరకు ఇండ్లు విడువవలసిన కుటుంబములకు చూపిన భూములు కూడ అందులోనికి వచ్చినవి. ఒకసారి కదలినవాడు రెండవసారి కూడ కదలవలసి వచ్చుచుండెను. అనుకొన్న పని సాగకపోవుటచే 2009లో ప్రభుత్వము ఆ ఒప్పందమును రద్దు చేసినది.

దీనికి భిన్నమైన ఒక చిన్న ఉదాహరణ మన తెలుగు నేల మీదనే ఉన్నది. నాటి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అను చిన్న గిరిజన గ్రామములో స్త్రీల పొదుపు సంఘములు కానుగ గింజలు ఏరి, తమ ఊరి గానుగలో నూనె తీసిరి. తెలగపిండి పొలమునకు ఎరువైనది. కానుగ నూనె డీజిలు బదులుగా పొగను తగ్గించునను లెక్కతో 2003లో ప్రపంచ బ్యాంకు 147 టన్నుల బొగ్గుపులుసు వాయువునకు సమానముగా 645 డాలర్లు ఆ స్త్రీలకు చెల్లించినది. మొత్తము చిన్నదే. అయినను అచ్చట గింజ తిండి గింజ కాదు, ఎవరి నేలయు పోలేదు, డబ్బు గింజ ఏరిన చేతికే వచ్చినది. ఇథనాల్ గాని నూనె గాని తనంతట తాను చెడ్డది కాదని ఈ ఊరు మనకు చూపుచున్నది. ఎవరిని అడిగి, ఎవరి చేతిలో పెట్టి చేయుచున్నారన్నదే భేదము.

మిగులు నీరు, మిగులు చేతులు

ఒక లీటరు ఇథనాల్ చెరకు నుండి రావలెనన్నచో సుమారు 2,860 లీటర్ల నీరు కావలెనని నీతి ఆయోగ్ 2021లో తన పత్రములోనే వ్రాసినది. మహారాష్ట్రలో సాగు భూమిలో చెరకు ఆక్రమించునది చాల చిన్న భాగము. అయినను సాగునీటిలో అతి పెద్ద భాగము దానికే పోవుచున్నదని పెక్కు నివేదికలు చెప్పుచున్నవి. 2016 ఏప్రిలులో లాతూరు పట్టణమునకు త్రాగునీరు మిరజ్ నుండి రైలులో తెచ్చిన సంగతి ఆ ప్రాంతపు మన కుటుంబములు మరువలేదు. ఆ లాతూరు ఉన్న మరాఠ్వాడా చెరకు మిల్లుల ప్రాంతమే. గొట్టపు బావి ఎంత లోతు త్రవ్వగలిగితే నీరు అంత సొంతము అను పద్ధతిలో, లోతు త్రవ్వలేనివాని బావిలోని నీరు కూడ ప్రక్కవానికి మిగులుగానే లెక్కకు వచ్చును.

ఇక చేతుల సంగతి. బీడు జిల్లా నుండి, దాని చుట్టుప్రక్కల నుండి ప్రతి ఏడు లక్షల మంది కూలీలు పడమటి మహారాష్ట్రకు, కర్ణాటకకు చెరకు నరుకుటకు పోవుదురు. ముకద్దము, అనగా మన మేస్త్రీ, ముందుగా బయానా ఇచ్చును. దానిని ఉచల్ అందురు. అది తీరువరకు విడుదల లేదు. భార్యాభర్తలను కలిపి ఒక్క కొడవలిగా లెక్క కట్టుదురు. ఒకరు ఒక దినము పడుకొన్నచో ఇద్దరి కూలి పోవును, పైగా జరిమానా. మిల్లు ప్రక్క పొలములో గుడిసె, మరుగుదొడ్డి లేదు, పిల్లలకు ఆరు నెలలు బడి లేదు. నెలసరి వచ్చినను, గర్భము వచ్చినను పని ఆగుననే భయముతో స్త్రీలు గర్భసంచి తీయించుకొనుచున్నారను వార్తలు రాగా, 2019లో రాష్ట్ర ప్రభుత్వము ఒక కమిటీ వేసినది. బీడు జిల్లాలో విచారించిన 82,309 మంది స్త్రీలలో 13,861 మందికి ఆ శస్త్రచికిత్స జరిగినట్లు తేలినది. ఈ చెరకు నుండి చక్కెరయు వచ్చును, ఇథనాల్ కూడ వచ్చును. కనుక ఈ పాపమంతయు ఇథనాల్ మీద మోపుట సరికాదు. కాని "పచ్చని ఇంధనము" అని బోర్డు పెట్టునప్పుడు ఆ పచ్చదనములో ఈ స్త్రీల దేహములు లెక్కకు రాలేదని మాత్రము చెప్పక తప్పదు.

మనము ఈ మాట ఇతరుల కంటె బాగుగా గ్రహింపగలము. మన తాతముత్తాతలలో పలువురు ఊరిలో మిగులు చేతులుగా ఎంచబడినందుననే ఊరు విడిచిరి. కొందరు కోలారు బంగారు గనులలోనికి దిగిరి, కొందరు షోలాపూరు మగ్గముల చెంతకు చేరిరి, కొందరు రేవులలో మూటలు మోసిరి. ఊరి లెక్కలో వారు మిగులే. వారి పిల్లలకు మాత్రము వారు మిగులు కారు. "మిగులు" అను మాట వినగానే, దాని వెనుక ఒక తల్లి, ఒక తండ్రి ఉండవచ్చునని అనుమానించు చెవి మనకు వారసత్వముగా వచ్చినది. దానిని పోగొట్టుకొనరాదు.

క్రమము ఏది?

కావున మేము చెప్పదలచినది ఇది. పంట నుండి ఇంధనము తీయుట తప్పని మేము అనుట లేదు. ఒక క్రమము పాటింపవలెనని అనుచున్నాము. మొదట కంచము, తరువాత నేలయు నీరును, తరువాత పని చేసిన చేతికి న్యాయమైన కూలి, వీటి తరువాతనే ట్యాంకు. ఈ క్రమములో చివరకు చేరినదే నిజమైన మిగులు. చెరకు మడ్డి, తినుటకు పనికిరాని ధాన్యము, వరిగడ్డి అట్టివి. 2022 ఆగస్టులో పానిపట్టులో వరిగడ్డి నుండి ఇథనాల్ తీయు ఫ్యాక్టరీని ప్రారంభించిరి. పొలములో తగులబెట్టి ఊపిరి ఆడనీయని గడ్డిని ఇంధనముగా మార్చుట మంచి ప్రయత్నము. అది కష్టమైనది, ఖర్చు ఎక్కువైనది. కష్టమైనదని విడిచిపెట్టి, తేలికగా దొరకునని కంచములోనిది తీసికొనుట బలవంతుని మార్గము.

"రైతుకు ధర రావద్దా?" అని ఎవరైనను అడిగినచో, తప్పక రావలెనని మా సమాధానము. అయితే మన దేశములో చిన్న రైతులలో పెక్కుమంది అమ్మునది కొంచెము, కొనునది ఎక్కువ. పంట నాడు అమ్మి, ఆరు నెలలకు సంతలో తిండి కొనుచున్నారు. ధర పెరిగినప్పుడు వారి కుడిచేతికి వచ్చినది ఎడమచేతి నుండి పోవును. రైతును నిలబెట్టుటకు ట్యాంకు ఒక్కటే దారి అయినచో, అది రైతు మీద ప్రేమ కంటె బండి మీద ప్రేమయే అగును. పప్పునకు, నూనె గింజలకు, చిరుధాన్యములకు నికరమైన ధర ఇచ్చుట కూడ రైతును నిలబెట్టును, కంచమును నింపును.

అడుగుట అను సంగతి కూడ ఉన్నది. తెలంగాణలోని నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ వద్ద ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని 2024 నవంబరులో చుట్టుప్రక్కల గ్రామస్థులు రోడ్డు మీద కూర్చుండగా పనులు ఆపవలసి వచ్చినది. వారి భయములలో ఏది ఎంత నిజమో నిపుణులు తేల్చవలెను. కాని ముందే కూర్చుండబెట్టి అడిగియున్నచో వారు రోడ్డు మీద కూర్చుండవలసిన పని ఉండెడిది కాదు.

మనమేమి చేయగలము?

బంకు దగ్గర మనకు ఎన్నిక లేదు. ఇరువది వంతులు కలిపినదే దొరకుచున్నది. మన చేతిలో లేనిదానికి మనలను మనము నిందించుకొనుట వలన ఎవరి కడుపును నిండదు. చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నవి.

మొదటిది, మన వీధిలోనికి కొత్తగా వచ్చిన వలస కుటుంబమును జాబితాలోనికి చేర్చుట. ఒకే దేశము, ఒకే రేషను కార్డు అను పద్ధతి 2022 నాటికి అన్ని రాష్ట్రములలోను అమలులోనికి వచ్చినది. శ్రీకాకుళములో కార్డు ఉన్నవాడు చెన్నైలో బియ్యము తీసికొనవచ్చును. పెక్కుమందికి ఇది తెలియదు, తెలిసినవారికి ఆధారు చిక్కులు. మన సంఘములలో ఉద్యోగములు చేయు యువకులు నెలకొక ఆదివారము మధ్యాహ్నము ఇట్టివారి కాగితములు చూచి పెట్టినచో, లెక్కలో లేని ఆకలి లెక్కలోనికి వచ్చును. గిడ్డంగిలో మిగులు అనబడునది ఆ మేరకు తగ్గును.

రెండవది, చెరకు మిల్లుల చెంత ఉన్న సంఘములు నరుకుడు కాలములో గుడిసెల వైపు ఒకసారి పోయి చూడుడి. ఆరు నెలలు బడి లేని పిల్లలకు సాయంకాలము ఒక గంట చదువు చెప్పుట, స్త్రీలను నమ్మదగిన వైద్యురాలి వద్దకు తోడుగా తీసికొని పోవుట మన శక్తికి మించినవి కావు. వారు మరాఠీ మాటలాడుదురు, మనకును ఆ భాష వచ్చును. వలస వచ్చిన వానికి ముందుగా కావలసినది తన్ను మనిషిగా లెక్క పెట్టువాడు.

మూడవది, ఇంధనమును తక్కువ కాల్చుట. ఒకే దారిన పోవు ముగ్గురు మూడు బండ్లు తీయుట మనలో గౌరవ చిహ్నమైనది. బస్సు ఎక్కుట చిన్నతనము కాదు. ఎంత ఇథనాల్ కలిపిరి అను ప్రశ్న కంటె ఎంత కాల్చితిమి అను ప్రశ్నయే పెద్దది. బండ్లు పెరిగిన కొలది ఇరువది వంతులు కూడ పెరుగుచునే పోవును, చేను మాత్రము పెరుగదు.

నాలుగవది, ఈ మాటను మన ఇండ్లలో, యౌవనస్థుల కూడికలలో, స్త్రీల సమాజములలో చర్చింపుడి. చెరకు రైతు, బండి నడుపువాడు, కోళ్ళు పెంచువాడు, రేషను కార్డు లేనివాడు అందరును ఒకే బల్ల మీద కూర్చుండు స్థలము మన సంఘముల వంటిది మరెక్కడ దొరకును? ఒకరి లాభము మరియొకరి కొరత ఎట్లగుచున్నదో ఎదురెదురుగా కూర్చుండి వినినప్పుడు, వాదము తగ్గి వివేకము పెరుగును.

ఇకమీదట పత్రికలోనో, రేడియోలోనో, ప్రభుత్వ ప్రకటనలోనో "మిగులు" అను మాట కనబడినప్పుడు అచ్చట ఒక్క క్షణము ఆగి, "ఎవరికి మిగులు?" అని అడుగుడి. సమాధానము కొన్నిసార్లు తృప్తికరముగానే ఉండును. లేనప్పుడు ఊరకుండక ఆ ప్రశ్నను మరల అడుగుడి. మీ సంఘములలో జరిగిన చర్చల సారాంశము వ్రాసి పంపినచో రాబోవు సంచికలలో సంతోషముతో ప్రచురింతుము.